ఫోన్‌లో విండోస్ ఎక్కించడానికి ఆరు గంటలు, నోట్‌ప్యాడ్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. అసలు ఇది అయ్యే పనేనా?

ఎస్సార్‌నగర్_హాస్టల్

నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. రిపేరుకు అడిగిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌ది ఇంకోటి వచ్చేలా ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే, పత్తి డబ్బులు చేతికొచ్చాక చూద్దాంలే అన్నారు నాన్న. అప్పటిదాకా ఆగే టైమ్ లేదు. ఇంకో 18 రోజుల్లో ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్. బీటెక్ సెకండియర్, జావా, డీబీఎంఎస్, మైక్రోప్రాసెసర్స్ మూడూ ఉన్నాయి.

నా దగ్గర ఉన్నది 8 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్, స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్. "మీ ఫోన్‌లోనే విండోస్ 11" అని యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి, క్యూఎము (ఒక రకం కంప్యూటర్‌ని ఇంకోదాంట్లో అనుకరించే ప్రోగ్రామ్) మీద నడిచే యాప్ ఒకటి వేశాను. రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారి నాలుగింటికి డెస్క్‌టాప్ కనిపించింది. సంతోషం అంతవరకే. నోట్‌ప్యాడ్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. ఫోన్ దోసె పెనంలా కాలిపోయింది. చార్జర్ పెట్టి ఉంచినా బ్యాటరీ 100 నుంచి 61కి దిగింది.

రూమ్‌లో ఒకడు ర్యామ్ చాలదంటాడు, ఇంకొకడు రూట్ చేస్తే, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకుంటే, దూసుకుపోతుందంటాడు. నా సెట్టింగ్స్ తప్పా, లేక ఇది అయ్యే పని కాదా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సీటీసీ_రెగ్యులర్

తమ్ముడూ, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీకి, అదే కంప్యూటర్ల మార్కెట్‌కి వెళ్లు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు వరుసగా పెట్టి ఉంటాయి. నేను పోయిన ఏడాది మా చెల్లికి 13 వేలకు కొన్నాను, ఇప్పటికీ నడుస్తోంది. ఫోన్‌తో కుస్తీ వద్దు.

ఎస్సార్‌నగర్_హాస్టల్

అన్నా, 13 వేలు ఉంటే ఇక్కడ పోస్ట్ పెట్టేవాణ్ణే కాదు.

బిట్లుబైట్లు

తమ్ముడు అడిగింది కొనాలా వద్దా అని కాదు, ఎందుకు ఇంత నెమ్మది అని. అది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నువ్వు వేసిన విండోస్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసింది, అంటే ఎక్స్86. నీ ఫోన్‌లో ఉన్నది ఆర్మ్. రెండింటి భాషలు వేరు. కాబట్టి విండోస్ ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ క్యూఎము కూర్చుని ఆర్మ్‌లోకి మార్చాలి. ఇది ఎమ్యులేషన్, వర్చువలైజేషన్ కాదు. అసలైన వర్చువల్ మెషీన్‌లో లోపలి సిస్టమ్ ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. మధ్యలో దుబాసీ ఉండడు. అందుకే ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేస్తే అంత హాయిగా ఉంటుంది.

ఇంకో మాట. యాప్‌లో 8 కోర్లు ఇచ్చి ఉంటావు కదా? దానివల్ల లాభం ఉండదు. ఎక్స్86లో మెమరీలోకి రాతలు ఒక క్రమం తప్పకుండా కనిపించాలి, ఆర్మ్‌లో ఆ నియమం అంత గట్టిగా లేదు. ఆ తేడా వల్ల ఆర్మ్ ఫోన్ మీద ఎక్స్86 సిస్టమ్ నడిపేటప్పుడు క్యూఎము మామూలుగా అన్ని కోర్ల పనినీ ఒక్క థ్రెడ్‌లోనే వంతులవారీగా చేస్తుంది. ఎనిమిది మంది కూలీలను పిలిచి ఒక్క పార చేతికిచ్చినట్టు. వేడి అందుకే, ఆలస్యం అందుకే.

ర్యామ్ సంగతి: విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాలి. నీ 8లో ఆండ్రాయిడ్ తన వాటా తీసుకున్నాక అది మిగలడమే కష్టం. మిగిలినా వేగం రాదు, ఎందుకంటే అసలు ఇబ్బంది అక్కడ లేదు.

నీ సెట్టింగ్స్ తప్పు కాదు. నువ్వు ఎంచుకున్న దారి అలాంటిది.

బోరబండ_రూట్

రూట్ చేస్తే కేవీఎం, అంటే లైనక్స్‌లో ఉండే వర్చువలైజేషన్ సౌకర్యం, దొరుకుతుంది కదా? అప్పుడు క్యూఎము వేగంగా నడవాలి.

బిట్లుబైట్లు

రూట్ చేస్తే నీకు దొరికేది ఆండ్రాయిడ్ అడుగున ఉండే మూల ప్రోగ్రామ్, అంటే లైనక్స్ కర్నల్ దాకా అధికారం. ఆర్మ్‌లో మెట్లు ఉంటాయి. యాప్‌లు ఈఎల్0లో, కర్నల్ ఈఎల్1లో, వర్చువల్ మెషీన్లను నడిపించే హైపర్‌వైజర్ ఈఎల్2లో. వర్చువల్ మెషీన్‌కి కావలసింది ఈఎల్2. చాలా స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో ఫోన్ బూట్ అయ్యేటప్పుడే క్వాల్‌కామ్ సొంత హైపర్‌వైజర్ ఆ మెట్టు మీద కూర్చుంటుంది. తర్వాత నువ్వు కర్నల్‌లో ఎంత అధికారం సంపాదించినా పైమెట్టు నీది కాదు. పైగా కేవీఎం దొరికినా ఆర్మ్ మీద నడిపేది ఆర్మ్ సిస్టమ్‌నే. ఎక్స్86 విండోస్‌కి అది అక్కరకు రాదు.

యూపీఐ_బాధితుడు

రూట్ గురించి నా అనుభవం. రూట్ కోసం బూట్‌లోడర్ అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మా అమ్మ ఫొటోలు బ్యాకప్ లేవు, ఆ సంగతి తర్వాత గుర్తొచ్చింది. ఆ తర్వాత బ్యాంకు యాప్ "ఈ పరికరం సురక్షితం కాదు" అని తెరుచుకోలేదు. రెండు నెలలు మెట్రో టికెట్‌కి కూడా చిల్లర వెతుక్కున్నాను. ఉన్నది ఒక్కటే ఫోనైతే దయచేసి చేయొద్దు.

బోరబండ_రూట్

బ్యాకప్ తీసుకోకుండా చేస్తే ఎవరికైనా అంతే. కానీ ఒక్కటే ఫోన్ ఉన్నవాళ్లు చేయొద్దన్న మాట ఒప్పుకుంటాను. నాది ప్రయోగాల కోసం పెట్టుకున్న వేరే ఫోన్.

మామిడికాయ_పప్పు

మరి పిక్సెల్‌లో విండోస్ 11 నడిచిన వీడియో చూశాను, గేమ్ కూడా ఆడారు. అది అబద్ధమా?

బిట్లుబైట్లు

అబద్ధం కాదు. 2022 ఫిబ్రవరిలో ఆండ్రాయిడ్ 13 తొలి డెవలపర్ ప్రివ్యూ వచ్చిన కొత్తలో ఒక డెవలపర్ పిక్సెల్ 6 మీద చేసి చూపించాడు. డూమ్ కూడా ఆడించాడు. కానీ అది ఆర్మ్ కోసం చేసిన విండోస్, నువ్వు దించుకునే మామూలు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) కాదు. పిక్సెల్ 6లో గూగుల్ సొంత టెన్సర్ చిప్ ఉంది, అందులో ఈఎల్2 మెట్టు పీకేవీఎం అనే హైపర్‌వైజర్‌కి ఇచ్చారు. అందుకే నిజమైన వర్చువలైజేషన్ వీలైంది. అక్కడ కూడా గ్రాఫిక్స్‌కి జీపీయూ సాయం లేదు, బొమ్మ గీసే పనంతా ప్రాసెసరే చేసింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫోన్ చిప్‌కి చేతకాక కాదు. ఈ సత్తా ఆర్మ్ చిప్‌లలో ఏళ్లుగా ఉంది. తాళంచెవి ఫోన్ కొన్నవాడి చేతికి రాదు, అంతే తేడా. 40 వేలు పెట్టి కొన్న వస్తువులో ఒక గదికి తాళం వేసి ఉంచితే అడగాలా వద్దా?

గచ్చిబౌలి_సెక్యూరిటీ

అన్నా, ఆ తాళానికి కారణం ఉంది. నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. ఈఎల్2లో ఉన్న కోడ్ కర్నల్ మెమరీ మొత్తం చూడగలదు. దాన్ని ఏ యాప్‌కి పడితే ఆ యాప్‌కి ఇస్తే ఫోన్‌లోని తాళాలన్నిటికీ విలువ ఉండదు. పీకేవీఎంలో మొదటి 'పీ' ప్రొటెక్టెడ్ అనే. వర్చువల్ మెషీన్ లోపలి రహస్యాన్ని ఆండ్రాయిడ్ కర్నల్ కూడా చూడకుండా కాపాడటం దాని అసలు ఉద్దేశం. మనం డెస్క్‌టాప్ నడుపుకోవాలన్నది పక్కన వచ్చిన కోరిక.

బిట్లుబైట్లు

ఉద్దేశం అది అని ఒప్పుకుంటాను. కానీ రహస్యం కాపాడుతూనే తలుపు తెరవొచ్చని గూగులే చేసి చూపించింది కదా. 2025 మార్చి అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో లైనక్స్ టెర్మినల్ ఇచ్చారు. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆన్ చేస్తే అసలైన వర్చువల్ మెషీన్‌లో డెబియన్ లైనక్స్ దిగుతుంది. రూట్ అక్కర్లేదు, బూట్‌లోడర్ ముట్టుకోనక్కర్లేదు. అది వాళ్ల సిస్టమ్ యాప్‌కి మాత్రమే. వేరే యాప్‌లకు ఆ అనుమతి ఇవ్వరు. నా గొడవ అదొక్కటే.

గచ్చిబౌలి_సెక్యూరిటీ

అంతవరకు నీతో నేనూ ఉన్నాను. యూజర్‌ని అడిగి, హెచ్చరించి ఇవ్వొచ్చు.

పెంగ్విన్_పాతబస్తీ

ఈ కల కొత్తదేం కాదు భాయ్. శాంసంగ్ 2017లో ఎస్8తో డెక్స్ (ఫోన్‌ని మానిటర్‌కి తగిలిస్తే డెస్క్‌టాప్‌లా చూపించేది) తెచ్చింది. తర్వాత 2018లో నోట్ 9, ట్యాబ్ ఎస్4 మీద "లైనక్స్ ఆన్ డెక్స్" బీటా వచ్చింది. ఫోన్‌ని మానిటర్‌కి తగిలిస్తే లోపల నిండు ఉబుంటు 16.04. అది వర్చువల్ మెషీన్ కాదు, ఫోన్ కర్నల్‌నే పంచుకునే కంటైనర్. నేను షాలిబండలో మా మామయ్య ఇంట్లో టీవీకి తగిలించి పైథాన్ నేర్చుకున్నది దాంట్లోనే. ఆండ్రాయిడ్ 10తో 2019లో ఆపేశారు. ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

ఐప్యాడ్‌తో_అవస్థ

ఐప్యాడ్ వాళ్ల సంగతి కూడా అడగండి. ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌లో వర్చువల్ మెషీన్లు పరుగెడతాయి. అదే ఎం1 ఉన్న నా ఐప్యాడ్‌లో ఆ దారి యాప్‌లకు లేదు. యూటీఎం ఎస్ఈ అనే ఎమ్యులేటర్ యాప్ ఉంది, 2024 జూలైలో యాప్ స్టోర్‌కి వచ్చింది. అందులో విండోస్ ఎక్స్‌పీ పెట్టి చూశాను. నడుస్తుంది, కానీ మౌస్ కదిపాక ఆగి చూడాలి. "ఎస్ఈ" అంటే స్లో ఎడిషన్ అని వాళ్లే పేరు పెట్టారు.

బిట్లుబైట్లు

దానికి కారణం జిట్ లేకపోవడం. మా నాన్నమ్మ దగ్గర ఇంటి పాత కాగితాలు ఉర్దూలో ఉండేవి. ప్రతిసారీ పక్కింటి పెద్దాయన్ని పిలిచి చదివించుకునేది. ఒకసారి ఆయన కూర్చుని మొత్తం తెలుగులో రాసిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు తనే చదువుకుంది. జిట్ ఆ రాసిచ్చిన కాగితం లాంటిది. ఒకసారి మార్చిన కోడ్‌ని దాచుకుని మళ్లీ వాడుతుంది. అలా చేయాలంటే యాప్ తను అప్పటికప్పుడు రాసిన కోడ్‌ని తనే నడిపించుకోగలగాలి. యాప్ స్టోర్ యాప్‌లకు ఆపిల్ దాన్ని ఒప్పుకోదు. కాబట్టి యూటీఎం ఎస్ఈ ప్రతి లైన్‌కీ పెద్దాయన్ని మళ్లీ పిలుచుకోవాల్సిందే.

మామిడికాయ_పప్పు

ఇప్పుడు అర్థమైంది. నాన్నమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ల్యాబ్_మేడమ్

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్తాను. ఇంత చర్చ జరిగింది కానీ ఒక్కరూ అబ్బాయిని అడగని ప్రశ్న: నీకు విండోస్ ఎందుకు బాబూ? మీ సిలబస్‌లో విండోస్ ఎక్కడా ఉండదు. జావా ల్యాబ్‌కి జేడీకే, అంటే జావా కంపైల్ చేసే సాధనం, కావాలి. డీబీఎంఎస్‌కి ఎస్‌క్యూఎల్ కావాలి. మైక్రోప్రాసెసర్స్‌కి 8086 అసెంబ్లీ, అంటే మాస్మ్ లేదా టాస్మ్ అనే అసెంబ్లర్, అది కూడా డాస్‌బాక్స్‌లోనే నడుపుతారు. మీ ల్యాబ్‌లో ఏం వాడుతున్నారో చెప్పు.

ఎస్సార్‌నగర్_హాస్టల్

మేడమ్, మాస్మ్ డాస్‌బాక్స్‌లోనే. డీబీఎంఎస్ ఒరాకిల్, పీఎల్/ఎస్‌క్యూఎల్ ప్రోగ్రాములు పది ఉన్నాయి. జావా నోట్‌ప్యాడ్‌లో రాసి కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైల్ చేయిస్తారు. కంప్యూటర్ అంటే విండోస్ అనే అనుకుని వెళ్లిపోయాను.

ల్యాబ్_మేడమ్

అయితే నీ పని చాలా తేలిక. డాస్‌బాక్స్ ఎక్స్86 ప్రాసెసర్‌నీ డాస్‌నీ తనే అనుకరిస్తుంది, కాబట్టి కింద ఆర్మ్ ఉన్నా దానికి పట్టదు. 8086 కాలం నాటి ప్రోగ్రాములు ఎంత చిన్నవంటే, ఇక్కడ ఎమ్యులేషన్ నెమ్మది అన్నది నీకు తెలియను కూడా తెలియదు. 1978లో వచ్చిన చిప్ అది. పీఎల్/ఎస్‌క్యూఎల్‌కి ఒరాకిల్ వాళ్ల ఫ్రీఎస్‌క్యూఎల్ (ఇంతకుముందు పేరు లైవ్ ఎస్‌క్యూఎల్) బ్రౌజర్‌లోనే ఉంది, ఉచితం, అకౌంట్ తెరిస్తే చాలు. కర్సర్లు, ట్రిగ్గర్లు, ప్రొసీజర్లు అన్నీ రాసుకోవచ్చు.

ఇంకో సంగతి. కాలేజీ అయిపోయాక ల్యాబ్ గంట సేపు తెరిచి ఉంచమని మీ హెచ్‌ఓడీని అడుగు. అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. అడగడానికి మొహమాటపడి పిల్లలు నష్టపోతుంటారు, ఏటా చూస్తున్నాను.

పెంగ్విన్_పాతబస్తీ

జావాకి టెర్మక్స్ వేసుకో, ఆండ్రాయిడ్‌లో లైనక్స్ కమాండ్లు నడిపే యాప్ అది. ప్లే స్టోర్‌లోది కాదు, ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ స్టోర్ నుంచి దించుకో. అందులో ఓపెన్‌జేడీకే ప్యాకేజీ నేరుగా దొరుకుతుంది. మరియాడీబీ డేటాబేస్ కూడా ఉంది. నిండు డెబియన్ కావాలంటే ప్రూట్-డిస్ట్రో, తెర కోసం టెర్మక్స్ ఎక్స్11. ఇందులో ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వస్తుంది, డాస్‌బాక్స్ కూడా వస్తుంది. నీ ఫోన్‌కి ఇది హాయిగా నడుస్తుంది.

అమీర్‌పేట_డెవాప్స్

టెర్మక్స్ ప్రూట్ కూడా వర్చువల్ మెషీనే కదా, ఇది మాత్రం ఎందుకు వేగంగా ఉంటుంది?

పెంగ్విన్_పాతబస్తీ

కాదు. ప్రూట్‌లో రెండో కర్నల్ ఉండదు. నీ ఆండ్రాయిడ్ కర్నలే నడుపుతుంది. లోపలి ప్రోగ్రామ్ ఫలానా ఫైల్ ఇవ్వు అని అడిగినప్పుడు ప్రూట్ మధ్యలో ఆపి, దారి మార్చి, డెబియన్ ఫోల్డర్‌లోంచి ఇస్తుంది. ప్రోగ్రామ్ ఆర్మ్‌దే కాబట్టి తర్జుమా లేదు. ఫైళ్లు ఎక్కువ తెరిచే పనుల్లో కొంచెం నెమ్మది, లెక్కలు చేసే పనుల్లో మామూలు వేగం.

అమీర్‌పేట_డెవాప్స్

అందుకే నాకు అందులో డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపేది) రాలేదన్నమాట! మైత్రీవనం దగ్గర కోర్సులో చేరాను, ప్రాక్టీసుకి ట్యాబే ఉంది. వారం రోజులు ఎర్రర్లు వెతికాను.

బిట్లుబైట్లు

అవును. డాకర్‌కి కర్నల్‌లో ప్రోగ్రాములను విడదీసి హద్దులు పెట్టే నేమ్‌స్పేస్‌లు, సీగ్రూప్‌లు కావాలి, వాటిని వాడుకునే అధికారం కావాలి. ప్రూట్ అవి ఇవ్వలేదు, సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కూడా నడవదు. నీకు క్యూఎమునే దారి: టెర్మక్స్‌లో క్యూఎము వేసి, లోపల ఆల్పైన్ లైనక్స్, తెర లేకుండా. ఆల్పైన్ చాలా చిన్నది. కేవీఎం లేదు కాబట్టి ఆర్మ్ ఆల్పైన్ వేసినా తర్జుమా తప్పదు, నెమ్మదిగానే ఉంటుంది. కానీ కమాండ్లు నేర్చుకోవడానికి సరిపోతుంది. లేదంటే నెట్‌లో ఉచిత టైర్ వర్చువల్ సర్వర్ తీసుకుని ట్యాబ్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) చేయి. నేనైతే రెండోదే చేస్తాను.

లెక్కలపుస్తకం

నాదీ ఇలాంటి ప్రశ్నే, ఇక్కడే అడుగుతాను. బేగంబజార్‌లో హోల్‌సేల్ షాపు లెక్కలు నేను చూస్తాను. టాలీ షాపు కంప్యూటర్‌లో ఉంది. బాబు చిన్నవాడు, సాయంత్రాలు ఇంటి నుంచి ట్యాబ్‌లో చేసుకోవాలని ఉంది. వైన్, విన్‌లేటర్ అని పేర్లు విన్నాను. జీఎస్టీ రిటర్న్ తేదీ దగ్గర పడితే నాకు నిద్ర ఉండదు.

గచ్చిబౌలి_సెక్యూరిటీ

అక్కా, లెక్కల డేటాతో ప్రయోగాలు వద్దు. విన్‌లేటర్‌లో వైన్, బాక్స్64 కలిసి విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాములు నడుపుతాయి. ఆటలకు బాగుంటుంది, ఖాతాలకు నమ్ముకోలేం. షాపు కంప్యూటర్‌నే దూరం నుంచి వాడుకోండి. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చాలు, కంప్యూటర్‌లో ఒకసారి సెటప్ చేసి ట్యాబ్‌లో యాప్ వేసుకుంటే సరి. విండోస్‌లో ఉండే రిమోట్ డెస్క్‌టాప్ వాడాలంటే షాపులో ప్రో ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి అలా రానివ్వదు.

ఎవరైనా వచ్చి "రౌటర్‌లో 3389 పోర్ట్ తెరిస్తే పనైపోతుంది" అంటే మాత్రం ఒప్పుకోకండి. రాన్సమ్‌వేర్ వాళ్లు మొదట తట్టే తలుపు అదే. నాకు తెలిసిన ఒక షాపులో మూడేళ్ల లెక్కలు అలా లాక్ అయిపోయాయి.

లెక్కలపుస్తకం

పోర్ట్ తెరవమనే చెప్పాడు మా కంప్యూటర్ అబ్బాయి! వద్దని చెప్పేస్తాను. చాలా థాంక్స్ తమ్ముడూ.

గేమింగ్_గండిపేట

విన్‌లేటర్ మాట వచ్చింది కాబట్టి, స్నాప్‌డ్రాగన్ ఉన్నవాళ్లు అందులో అదృష్టవంతులు. అడ్రినో జీపీయూకి టర్నిప్ అని ఓపెన్ సోర్స్ వల్కన్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంది, పాత పీసీ ఆటలు బాగా లాగుతుంది. మాలీ జీపీయూ వాళ్లకు ఆ సుఖం తక్కువ. పైన చెప్పినట్టు వర్చువల్ మెషీన్ కావాలంటే టెన్సర్, ఆటలు కావాలంటే స్నాప్‌డ్రాగన్. రెండూ ఒకే ఫోన్‌లో ఇచ్చిన రోజు నేను బిర్యానీ పెట్టిస్తాను.

మామిడికాయ_పప్పు

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఎస్సార్‌నగర్_హాస్టల్

అప్‌డేట్. విండోస్ ఇమేజ్ తీసేశాను, 31 జీబీ ఖాళీ అయింది. టెర్మక్స్, ప్రూట్ డెబియన్, ఎక్స్ఎఫ్‌సీఈ వేశాను. జావా ప్రోగ్రాములు కంపైల్ అవుతున్నాయి. డెస్క్‌టాప్ ఐదు సెకన్లలో వస్తోంది, నమ్మలేకపోయాను.

కానీ పది నిమిషాలకోసారి అంతా ఆగిపోయి "సిగ్నల్ 9" అని వస్తోంది. రాసిన ప్రోగ్రామ్ రెండుసార్లు పోయింది.

పెంగ్విన్_పాతబస్తీ

అది ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన తలనొప్పి. యాప్‌లు పుట్టించే చైల్డ్ ప్రాసెస్‌లు ఫోన్ మొత్తం మీద 32 దాటితే సిస్టమ్ చంపేస్తుంది. డెస్క్‌టాప్ వేస్తే అన్ని ఇట్టే అయిపోతాయి. ఆండ్రాయిడ్ 14 లేదా ఆ పైన ఉంటే డెవలపర్ ఆప్షన్స్‌లో చైల్డ్ ప్రాసెస్ పరిమితిని తీసేసే స్విచ్ ఉంటుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో టెర్మక్స్‌ని "అన్‌రిస్ట్రిక్టెడ్" చేయి. ఫోన్ నిద్రపోకుండా నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ కూడా నొక్కు.

యూపీఐ_బాధితుడు

బ్యాక్ కవర్ తీసి వాడు తమ్ముడూ, పరుపు మీద పెట్టకు. వేడికి నా పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ పైకి లేచింది.

ఎస్సార్‌నగర్_హాస్టల్

ఆ స్విచ్ దొరికింది పెంగ్విన్ అన్నా. నిన్న రాత్రి రెండు గంటలు ఏకధాటిగా పనిచేసింది. డాస్‌బాక్స్‌లో మాస్మ్ పెట్టి 8086 బబుల్ సార్ట్ రాశాను, డీబగ్‌లో మెమరీ డంప్ చూస్తే ఐదు నంబర్లూ వరుసలో ఉన్నాయి. రూమ్‌లో గట్టిగా అరిచాను.

మేడమ్, హెచ్‌ఓడీ గారిని అడిగాను. వారంలో మూడు రోజులు ఐదున్నర దాకా ల్యాబ్ తెరుస్తామన్నారు. నాతో పాటు ఇంకో నలుగురు వస్తున్నారు, వాళ్లకూ ల్యాప్‌టాప్ లేదట. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పుకోలేదు.

ల్యాబ్_మేడమ్

చాలా సంతోషం. ఎక్స్‌టర్నల్‌లో ప్రోగ్రామ్ ఎలాగూ రాస్తావు, వైవాలో ఫ్లాగ్స్ అడుగుతారు. క్యారీ, జీరో, సైన్ ఏ ఆదేశానికి ఎలా మారతాయో డీబగ్‌లో ఒక్కో అడుగూ వేసి చూడు. ఆ నలుగురికీ నీ ఫోన్‌లో చూపించు.

ఎస్సార్‌నగర్_హాస్టల్

చూపిస్తాను మేడమ్. ఆఖరిది ఒకటి: టచ్ కీబోర్డుతో టైపింగ్ నరకంగా ఉంది, ఫంక్షన్ కీలు అసలే లేవు. ఓటీజీతో మామూలు కీబోర్డు పెడితే చార్జింగ్ పెట్టే దారి ఉండట్లేదు.

సీటీసీ_రెగ్యులర్

పీడీ పాస్-త్రూ, అంటే చార్జింగ్‌ని ఫోన్‌కి పంపే సదుపాయం ఉన్న యూఎస్‌బీ-సీ హబ్ కావాలి. కీబోర్డు, మౌస్, చార్జర్ మూడూ ఒకేసారి పెట్టొచ్చు. కానీ కొన్ని ఫోన్లు ఓటీజీ పెట్టినప్పుడు చార్జింగ్ తీసుకోవు. కాబట్టి నీ ఫోన్ పట్టుకెళ్లి షాపులోనే తగిలించి చూసుకో. మానిటర్ కూడా తగిలించాలనుకుంటే ముందు పోర్ట్ సంగతి కనుక్కో, యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఉన్న చాలా ఫోన్ల నుంచి హెచ్‌డీఎంఐకి బొమ్మ రాదు.

నా దగ్గర వైర్ కీబోర్డు ఒకటి ఖాళీగా ఉంది, బాగానే పనిచేస్తుంది. శనివారం అమీర్‌పేట మెట్రో దగ్గరికి ఏ పనిమీదైనా వస్తావా? వస్తే ఇచ్చేస్తాను.

ఎస్సార్‌నగర్_హాస్టల్

వస్తాను అన్నా. నాలుగింటికి మెట్లకింద ఉంటాను.